సొంత గ్లాసు తెచ్చుకున్న మనిషి: పాకిస్తాన్ క్రైస్తవుల గురించి అడిగినవారికి

పాకిస్తాన్‌లో క్రైస్తవుల మీద దాడులు ఎందుకు జరుగుతాయి, అదంతా మతద్వేషమేనా, వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో నిజమెంత, అక్కడి ముస్లింలందరూ దీన్ని సమర్థిస్తారా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను, ఉర్దూ చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన భాష. ఆ ఉర్దూ వల్లే బ్యాంకాక్‌లో ఎనిమిదేళ్ళు శరణార్థుల కేసులకు దుబాసీగా పనిచేశాను. 2013 ప్రాంతం నుంచి పాకిస్తాన్ క్రైస్తవులు వేల సంఖ్యలో టూరిస్టు వీసా మీద అక్కడికి వచ్చారు. వాళ్ళు చెప్పేది విని, మాట పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పడం నా పని. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, కొంత ఎదురుగా కూర్చుని విన్నది. విన్నవాటిలో పేర్లు, ఊళ్ళు చెప్పను. వాళ్ళ చుట్టాలు ఇంకా అక్కడే ఉన్నారు.

చేరిన మొదటి నెలలో ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, ఫైసలాబాద్ వైపు పల్లె. బస్సు దిగి ఎండలో నడిచొచ్చి చెమటతో తడిసిపోయి ఉంది. ముందు నీళ్ళు తాగమని గ్లాసు ఆమె వైపు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతిసంచిలోంచి తన స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టి, "ఇందులో పొయ్యండి బాజీ, మీ గ్లాసు ఎందుకు పాడవ్వడం" అంది. బాజీ అంటే అక్క. ఆ గ్లాసు అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంది, అడుగున తెల్లటి గీతలు. ఎన్నో ఏళ్ళుగా ఆమెతో తిరుగుతున్న గ్లాసు అది. పాకిస్తాన్ నుంచి తెచ్చుకున్న నాలుగు సామాన్లలో అదొకటి.

నాకు మాట రాలేదు. మా అమ్మమ్మగారిది ఒంగోలు దగ్గర పల్లె. అక్కడి కాఫీ హోటల్లో దళితులకు వేరే గ్లాసు ఉండేదని, తాగాక వాళ్ళే కడిగి బయట చూరు కింద పెట్టేవారని ఇంట్లో చెప్పగా విన్నాను. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అదే గ్లాసు పాకిస్తాన్ పంజాబ్ నుంచి వచ్చిన ఒక క్రైస్తవురాలి సంచిలో కనిపిస్తుందని మాత్రం నేను అనుకోలేదు.

అందుకే మీ ప్రశ్నకు జవాబు కులం దగ్గర మొదలుపెడతాను. పాకిస్తాన్ క్రైస్తవుల్లో అత్యధికులు, మన భాషలో చెప్పాలంటే, దళిత క్రైస్తవులు. ఈ సంగతి వదిలేసి చూస్తే అక్కడ జరిగేదంతా రెండు మతాల పోరులా కనబడుతుంది. నేను విన్న కేసుల్లో మతం కనీసం సగం ఉంది, కాదనను. మిగతా సగం మాత్రం పంజాబ్ పల్లెల్లో వందల ఏళ్ళుగా ఉన్న అంటరానితనం.

పంజాబ్‌లో చూహ్రా అని ఒక కులం ఉండేది. ఊరు ఊడ్చడం, చచ్చిన పశువుల్ని మోయడం, భూస్వాముల పొలాల్లో కూలి వాళ్ళ పనులు. 1873లో సియాల్‌కోట్ జిల్లాలో దిత్త్ అనే మనిషి అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీల దగ్గరికి వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు. కాలు కుంటి, తోళ్ళు కొని అమ్ముకునే చిరువ్యాపారి. మిషన్ బంగళాలో ఉండిపోమంటే ఉండలేదు, ఊరికి తిరిగొచ్చి తనవాళ్ళకు చెప్పుకున్నాడు. అక్కడి నుంచి కుటుంబాలు, వాడలు కలిసి మారడం మొదలైంది. ఇది చదివినప్పుడు నాకు ఒంగోలు గుర్తొచ్చింది. అమెరికన్ మిషనరీ క్లౌ దొర కాలంలో మన మాదిగల్లో ముందుగా నమ్మిన ఎర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ళ వ్యాపారే. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. అక్కడ ప్రెస్బిటేరియన్లు, ఇక్కడ బాప్టిస్టులు. వాడల్లో మనుషులు వెతుక్కున్నది మాత్రం ఒకటే, తమను మనుషులుగా చూసే చోటు.

మతం మారినా ఊరు వాళ్ళను పాత పేరుతోనే పిలిచింది. 1947లో దేశం ముక్కలైనప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. క్రైస్తవ కూలీల్లో చాలామంది సిక్కు రైతుల పొలాల్లో తరతరాలుగా పనిచేస్తున్నవాళ్ళు. సిక్కులు తూర్పుకి వెళ్ళిపోయారు, వాళ్ళ భూములు ఇటు నుంచి వెళ్ళిన ముస్లిం శరణార్థులకు ఇచ్చారు, వాళ్ళ పొలం వాళ్ళే చేసుకున్నారు. ఈ కూలీలకు పనీ పోయింది, నీడా పోయింది. కొందరు ఇటుక బట్టీలకు, కొందరు లాహోర్, కరాచీ మునిసిపాలిటీల చీపురు పనికి చేరారు. నేటికీ పెద్ద నగరాల్లో వీధులు ఊడ్చేవాళ్ళు, మ్యాన్‌హోళ్ళలో దిగేవాళ్ళు ఎక్కువగా క్రైస్తవులే. పారిశుద్ధ్య ఉద్యోగాల ప్రకటనల్లో "ముస్లిమేతరులు మాత్రమే" అని అచ్చేసిన సందర్భాలు బోలెడు. 2009లో ప్రభుత్వోద్యోగాల్లో మైనారిటీలకు 5 శాతం కోటా ఇచ్చారు. పై పోస్టులు ఖాళీగా ఉండిపోతాయి, చీపురు పోస్టులు మాత్రం నిండిపోతాయి. 2017లో సింధ్‌లోని ఉమర్‌కోట్‌లో మ్యాన్‌హోల్‌లో దిగి స్పృహ తప్పిన ఒక క్రైస్తవ కార్మికుణ్ణి ఆస్పత్రికి తెస్తే, ఒళ్ళంతా మురుగు ఉందని, తాము ఉపవాసంలో ఉన్నామని డాక్టర్లు ముట్టుకోలేదని అతని కుటుంబం చెప్పింది. ఆ మనిషి చనిపోయాడు.

2023 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 33 లక్షలు, దేశంలో 1.37 శాతం. అందరూ పేదలే అనుకోకండి. పాకిస్తాన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1960 నుంచి 1968 దాకా ఉన్న ఏ.ఆర్. కార్నీలియస్ క్రైస్తవుడు. 1965 యుద్ధంలో పోరాడిన పైలట్ సెసిల్ చౌధరీ క్రైస్తవుడు. ఆ దేశంలో చదువుకున్నవాళ్ళను అడిగితే మంచి స్కూలు అనగానే మిషన్ స్కూలు పేరే చెబుతారు. ఆ స్కూళ్ళలో చదువుకున్నవాళ్ళే వీధి ఊడ్చే మనిషికి వేరే గ్లాసు పెట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడలేదు.

ఇక చట్టం సంగతి. 1947 ఆగస్టు 11న జిన్నా రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, మీరు గుడికి వెళ్ళినా మసీదుకు వెళ్ళినా మీ ఇష్టం, మీ మతంతో రాజ్యానికి పని లేదు అన్న అర్థం వచ్చేలా చెప్పారు. నేను కలిసిన క్రైస్తవుల్లో చదువుకున్నవాళ్ళు చాలామందికి ఆ ప్రసంగం కంఠతా వచ్చు. రెండేళ్ళు తిరక్కుండానే, 1949 మార్చిలో, రాజ్యాంగానికి ఇస్లామే ఆధారమనే లక్ష్యాల తీర్మానంతో ఆ దారి మారింది. 1956లో ఇస్లామిక్ రిపబ్లిక్ అయింది, అధ్యక్షుడు ముస్లిమే అయి ఉండాలన్నారు. 1973 రాజ్యాంగంతో ప్రధానికీ అదే నియమం.

అసలు కత్తి సైనిక పాలకుడు జనరల్ జియా కాలంలో వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు 1927లో పెట్టిన 295-ఎ సెక్షన్ అప్పటికే ఉంది. మతభావాల్ని కావాలని గాయపరిస్తే శిక్ష. ఆ సెక్షన్ మన శిక్షాస్మృతిలోనూ ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. జియా దానికి 1982లో 295-బి చేర్చారు, ఖురాన్‌ను అపవిత్రం చేస్తే యావజ్జీవం. 1986లో 295-సి, ప్రవక్తను అవమానిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు ఆ "లేదా" కూడా తీసేసింది, మరణశిక్ష ఒక్కటే మిగిలింది. పాత సెక్షన్‌లో "కావాలని, దురుద్దేశంతో" అనే మాటలున్నాయి, ప్రాసిక్యూషన్ దాన్ని రుజువు చేయాలి. 295-సిలో ఆ మాటలు లేవు. నోరు జారిందో, ఎదుటివాడు తప్పుగా విన్నాడో, అసలు అననే లేదో, చట్టం రాసిన తీరులో వీటి మధ్య తేడా చూసే వీలే సరిగ్గా లేదు. పైగా ఈ కేసు విచారించే సెషన్స్ జడ్జి ముస్లిమే అయి ఉండాలి.

1986కు ముందు ఇలాంటి కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1987 నుంచి ఇప్పటిదాకా నిందితులు రెండు వేలు దాటారని లాహోర్‌లోని సెంటర్ ఫర్ సోషల్ జస్టిస్ లెక్కలు చెబుతున్నాయి. వాళ్ళలో దాదాపు సగం మంది ముస్లింలే, ఇది గుర్తుంచుకోండి. అహ్మదీలు, హిందువులు ఉన్నారు. క్రైస్తవులు జనాభాలో ఒకటిన్నర శాతం లోపే, నిందితుల్లో వాళ్ళ వంతు మాత్రం దానికి ఎన్నో రెట్లు. ఈ చట్టం కింద ప్రభుత్వం ఇంతవరకు ఎవర్నీ ఉరితీయలేదు. కానీ నింద పడ్డాక గుంపు చేతిలోనో, జైల్లోనో, కోర్టు మెట్ల మీదో చచ్చిపోయినవాళ్ళు ఎనభై మందికి పైనే.

ఆసియా బీబీ కేసు పేరు మీరు వినే ఉంటారు. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మిగతా కేసులన్నీ ఇంచుమించు ఇలాగే నడుస్తాయి. 2009 జూన్ 14, లాహోర్‌కు పశ్చిమాన ఇట్టాన్‌వాలీ అనే ఊరు. ఫాల్సా పళ్ళు కోసే కూలి. జూన్‌లో పంజాబ్ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. ఆసియా నీళ్ళు తెచ్చి తోటి కూలీలకు ఇవ్వబోయింది. క్రైస్తవురాలి చేతి నీళ్ళు మేం తాగమన్నారు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. మాటామాటా పెరిగింది. అక్కడికది పొలంలో జరిగిన తగువు, మన ఊళ్ళలో బోరింగు దగ్గర జరిగే తగువు లాంటిదే. ఐదు రోజుల తర్వాత ఊరి మతపెద్ద పోలీసులకు ఫిర్యాదు చేశాడు, ఆమె ప్రవక్తను అవమానించిందని. ఐదు రోజుల్లో నీళ్ళ గొడవ కాస్తా ఉరిశిక్ష కేసు అయింది.

2010 నవంబర్‌లో సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది. 2014లో లాహోర్ హైకోర్టు ఖాయం చేసింది. 2018 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఆమెను నిర్దోషిగా వదిలేసింది. ఊళ్ళో జనం ముందు ఆమె తప్పు ఒప్పుకుందని సాక్షులు చెప్పారు కదా, ఆ జనం ఎంతమంది అంటే ఒకరు వంద అన్నారు, ఒకరు వెయ్యికి పైన, ఇంకొకరు రెండు వేలు దాటారన్నారు. ఆ పంచాయితీ ఎవరింట్లో జరిగిందంటే తలా ఒక ఇల్లు చెప్పారు. ఈ తేడాలు కింది కోర్టు కాగితాల్లో మొదటి నుంచీ ఉన్నవే. వాటిని చదివి తీర్పు రాయడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆమె 2019 మేలో కెనడా వెళ్ళింది. జైలుకు వెళ్ళేనాటికి ఆమె పిల్లలు చిన్నవాళ్ళు.

ఎందుకు అన్నేళ్ళు పట్టిందని మీరు అడగొచ్చు. నేను విన్న ప్రతి కేసులోనూ ఇదే జరిగింది. స్టేషన్ ముందు గుంపు చేరుతుంది. ఎస్సై ముందు ఎఫ్ఐఆర్ రాసేస్తాడు, గొడవ సద్దుమణుగుతుందని. ఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలని 2004లో నియమం పెట్టారు, చాలాసార్లు అది కాగితం మీదే ఉంటుంది. కింది కోర్టు జడ్జికి నిందితుడు నిర్దోషి అని తెలిసినా వదిలేస్తే తన ఇంటికి ఎవరొస్తారో అని భయం. శిక్ష వేసేసి, పైకోర్టు చూసుకుంటుందిలే అనుకుంటాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చదవడం రాయడం రాని పద్నాలుగేళ్ళ క్రైస్తవ పిల్లాడు మసీదు గోడ మీద తప్పుడు రాతలు రాశాడని కేసు పెడితే, 1995లో లాహోర్ హైకోర్టు అతణ్ణి వదిలేసింది. ఆ తీర్పిచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరైన ఆరిఫ్ ఇక్బాల్ భట్టీని 1997లో ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు.

గుంపులు కాల్చిన ఊళ్ళ పేర్లు వరుసగా చెప్పగలను. 1997లో శాంతినగర్, 2009లో గోజ్రా, 2013లో లాహోర్ జోసెఫ్ కాలనీ, 2023లో జరాన్‌వాలా. జోసెఫ్ కాలనీలో ఇద్దరు స్నేహితులు, ఒక క్రైస్తవుడు, ఒక ముస్లిం, గొడవపడ్డారు. తెల్లారి దైవదూషణ అన్నారు, వందకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. చుట్టూ ఇనుము వ్యాపారుల గోడౌన్లు, వాళ్ళకు ఆ స్థలం కావాలని కాలనీవాళ్ళు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. తర్వాత ఏమైందో చూడండి. నింద పడ్డ క్రైస్తవుడికి 2014లో ఉరిశిక్ష పడింది, 2020లో హైకోర్టు కొట్టేసేదాకా జైల్లోనే ఉన్నాడు. ఇళ్ళు తగలబెట్టిన కేసులో 115 మంది నిందితుల్ని 2017లో కోర్టు సాక్ష్యం లేదని విడిచిపెట్టింది. ఆ రోజు మంటలు, ఆ మనుషుల మొహాలు టీవీల్లో దేశమంతా చూసింది.

జరాన్‌వాలాలో 2023 ఆగస్టు 16న పొద్దున్నే మసీదు మైకుల్లో ప్రకటన. సాయంత్రానికి ఇరవైకి పైగా చర్చిలు, ఎనభైకి పైగా ఇళ్ళు కాలిపోయాయి. చెరుకు తోటల్లో దాక్కుని రాత్రి గడిపారు జనం. నింద పడ్డ ఇద్దరు అన్నదమ్ములను పాత కక్షతో ఇరికించారని దర్యాప్తులో తేలి, 2024లో వాళ్ళు బయటపడ్డారు. ఇరికించినవాడు ముస్లిం కాదు, మరో క్రైస్తవుడని పోలీసులు చెప్పారు. ఈ చట్టం ఎవరి చేతికైనా అందే ఆయుధం అని నేను అనేది అందుకే. పక్కింటివాడితో గట్టు తగాదా ఉన్నా, బాకీ ఎగ్గొట్టాలన్నా, అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలన్నా ఇది పనికొస్తుంది. ఈమధ్య ఆన్‌లైన్‌లో యువకుల్ని మాటల్లోకి దించి, వాళ్ళ చేత తప్పుడు పోస్టులు పంపించి, తర్వాత కేసు పెడతామని బెదిరించే ముఠా ఉందని పంజాబ్ పోలీసుల స్పెషల్ బ్రాంచే 2024లో రిపోర్టు రాసింది. అందులో చిక్కుకున్నవాళ్ళు ఎక్కువమంది ముస్లిం యువకులే.

ఇటుక బట్టీల గురించి కూడా చెప్పాలి. అక్కడ పేష్గీ అని అంటారు, అంటే అడ్వాన్సు. పెళ్ళికో రోగానికో మాలిక్ దగ్గర తీసుకుంటారు, అది తీరేదాకా కుటుంబం మొత్తం ఇటుకలు కొట్టాలి. మన పాలమూరు వలస కూలీలకు, పశ్చిమ ఒడిశా నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీలకు వచ్చేవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. వెట్టి నిషేధిస్తూ పాకిస్తాన్ 1992లో చట్టం చేసింది. 2014 నవంబర్‌లో కసూర్ జిల్లా కోట్ రాధాకిషన్‌లో బట్టీలో పనిచేసే క్రైస్తవ దంపతుల్ని గుంపు కొట్టి కొలిమిలో వేసింది. ఆమె గర్భిణి. చనిపోయిన మామగారి పాత కాగితాలు కాల్చేస్తుంటే అందులో ఖురాన్ పుటలున్నాయని పుకారు లేచింది. పారిపోతే బాకీ పోతుందని వాళ్ళను గదిలో పెట్టి తాళం వేశారని బంధువులు చెప్పారు. ఆ తాళం లేకపోతే వాళ్ళు బతికేవాళ్ళు. ఈ కేసు గురించి ఎప్పుడు మాట్లాడినా నాకు ముందు ఆ తాళమే గుర్తొస్తుంది.

బాంబు దాడులు వేరే సంగతి, వాటిని పైవాటితో కలపొద్దు. 2013 సెప్టెంబర్‌లో పెషావర్ ఆల్ సెయింట్స్ చర్చి, 2015లో లాహోర్ యోహనాబాద్, 2017లో క్రిస్మస్ ముందు క్వెట్టా. ఇవి తాలిబాన్, ఇస్లామిక్ స్టేట్ లాంటి సంస్థల పని. వాళ్ళు మసీదుల్లో, షియా ఊరేగింపుల్లో, బడిలో కూడా బాంబులు పెట్టారు. 2016 ఈస్టర్ రోజు లాహోర్ పార్కులో క్రైస్తవులే గురి అని చెప్పుకున్న దాడిలో చనిపోయినవాళ్ళలో ముస్లింలే ఎక్కువ.

ఆడపిల్లల సంగతి అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల కనబడకుండా పోతుంది, నాలుగు రోజుల తర్వాత మతం మార్చుకుని పెళ్ళి చేసుకుందని కాగితం వస్తుంది. 2020లో కరాచీలో ఇలాంటి కేసులో పిల్ల వయసు పద్దెనిమిది అని కోర్టులో చెప్పారు, వైద్య పరీక్షలో పద్నాలుగు, పదిహేను అని తేలాక షెల్టర్ హోముకు పంపారు. పెళ్ళి వయసు పద్దెనిమిది అని సింధ్ 2014లోనే చట్టం చేసింది, ఇస్లామాబాద్‌కు అలాంటి చట్టం 2025లో వచ్చింది. బ్యాంకాక్‌లో నేను చూసిన కుటుంబాల్లో చాలా వాటికి ఎదిగొస్తున్న ఆడపిల్లలుండేవారు. ఎందుకొచ్చారని అడిగితే కేసు గురించి చెప్పేముందు తండ్రి కళ్ళు ఆ పిల్ల వైపు వెళ్ళేవి.

అక్కడి ముస్లింలందరూ ఇలాగేనా అన్నారు. సల్మాన్ తాసీర్ పంజాబ్ గవర్నర్, ముస్లిం. ఆసియాను జైల్లో కలిసి, ఈ చట్టం మార్చాలన్నందుకు 2011 జనవరి 4న ఆయన్ని సొంత గార్డే కాల్చి చంపాడు. రెండు నెలలకు, మార్చి 2న, మైనారిటీ మంత్రి షాబాజ్ భట్టీని చంపారు, ఆయన క్రైస్తవుడు. ఆసియా తరఫున సుప్రీంకోర్టులో వాదించిన సైఫుల్ ములూక్ ముస్లిం, తీర్పు తర్వాత ప్రాణభయంతో కొన్నాళ్ళు దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడి కోసం వాదించిన అస్మా జహంగీర్, చంపబడ్డ జడ్జి భట్టీ, 2014లో ముల్తాన్‌లో ఇలాంటి కేసు పట్టుకున్నందుకు ఆఫీసులోనే ప్రాణం పోగొట్టుకున్న లాయర్ రాషిద్ రెహ్మాన్, అందరూ ముస్లింలే. పెషావర్ దాడి తర్వాత లాహోర్‌లో ముస్లింలు చర్చి బయట చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడ్డారు, లోపల ఆరాధన జరుగుతుంటే.

రెండో వైపు కూడా దాచకుండా చెప్పాలి. తాసీర్‌ను చంపినవాణ్ణి కోర్టుకు తెచ్చినప్పుడు గులాబీ రేకులు చల్లింది చదువుకున్న లాయర్లు. 2016లో అతణ్ణి ఉరితీశాక ఇస్లామాబాద్ శివార్లలో అతని సమాధి దర్గా అయింది. అతని పేరు మీద లేచిన పార్టీ ఆసియా తీర్పు వచ్చిన రోజు దేశమంతా రోడ్లు మూసేసింది. అంటే అక్కడ జనం ఒక్క తాటి మీద లేరు. ఎదురు తిరిగినవాళ్ళు చనిపోతున్నారు, మిగతావాళ్ళు చూసి భయపడుతున్నారు. నా ముందు కూర్చున్న మనుషుల్లో ముగ్గురిలో ఒకరైనా, "మా పక్కింటి ముస్లిం చాచా రాత్రికి రాత్రి మమ్మల్ని దాచి బస్సెక్కించాడు" అని చెప్పేవాళ్ళు. ఆ చాచా పేరు ఫారంలో రాయొద్దని బతిమాలేవాళ్ళు. ఇది మతాల మధ్య యుద్ధమే అయితే ఆ చాచా కథలో ఉండడు.

వాట్సాప్ వీడియోల గురించి నా సలహా. ఊరి పేరు, తేదీ లేని వీడియోను నమ్మకండి, ముందుకు పంపకండి. ఎక్కడో ఆఫ్రికాలో జరిగిందాన్ని పాకిస్తాన్ అని, పాతదాన్ని నిన్నటిదని పెట్టినవి నేనే ఎన్నో చూశాను. శరణార్థి ఇంటర్వ్యూలో ఎవరైనా అలాంటి నకిలీ వీడియో చూపిస్తే అతని నిజమైన కేసు కూడా అనుమానంలో పడుతుంది. అలా ఒక నిజమైన మనిషి కేసు తిరస్కరించడం నేను కళ్ళారా చూశాను, నేనే ఆ జవాబు ఉర్దూలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. అక్కడి బాధను ఇక్కడి ముస్లింల మీద కోపంగా మార్చేవాళ్ళకు ఆ మనుషుల మీద ఏ ప్రేమా లేదు. వేరే గ్లాసు ఎక్కడ పెట్టినా తప్పేనని అనగలిగినవాళ్ళే వాళ్ళ గురించి మాట్లాడితే బాగుంటుంది.

బ్యాంకాక్ అంటే స్వర్గమేం కాదు. థాయిలాండ్ శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, కాబట్టి వీసా గడువు దాటితే వాళ్ళు చట్టం ముందు నేరస్థులే. ఇంటర్వ్యూకు ఏళ్ళ తరబడి ఎదురుచూపు. పోలీసులొస్తే సువాన్ ఫ్లూ నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్ళేవారు. ఒకే గదిలో వంద మంది దాకా, పడుకోవడానికి వంతులు. నేను వెళ్ళినప్పుడు జాలీ అవతల ఒక ముసలాయన జబూర్ పాడుతూ కనిపించాడు. జబూర్ అంటే కీర్తనల గ్రంథం. ఇమాముద్దీన్ షాబాజ్ అనే కవి వాటిని పంజాబీ పాటలుగా కట్టారు, 1908లో అచ్చయింది, ఆ పని పూర్తయ్యేసరికి ఆయనకు చూపు పోయింది. చదువు రాని వాడల్లో కూడా అవి నోటికొస్తాయి. మన పల్లె చర్చిల్లో తప్పెట మీద పాడే కీర్తనల్లాగే ఉంటుంది, డోలక్ ఉంటే చాలు. ఆ రోజు డోలక్ లేదు, ఆయన ప్లాస్టిక్ బకెట్ మీద వేళ్ళతో వాయిస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు, వాళ్ళలో మయన్మార్ రోహింగ్యాలు కూడా ఉన్నారు, మౌనంగా విన్నారు.

అక్కడి నుంచి కొందరు కెనడా వెళ్ళారు, ఆస్ట్రేలియా వెళ్ళారు. సొంత గ్లాసు తెచ్చుకున్న ఆమె కేసు రెండుసార్లు తిరస్కరించారు. కూతురికి టీబీ వచ్చింది, డబ్బు అయిపోయింది, 2018లో భర్తతో కలిసి వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా నంబరు రాసుకుంది. ఇప్పుడు ఆమె కొడుకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాకు ఒక ఫోటో పంపుతాడు, మాట ఏమీ ఉండదు. చర్చి గేటు, దాని పక్కన ఇసుక బస్తాలు, కుర్చీలో తుపాకీ పెట్టుకు కూర్చున్న కానిస్టేబులు, లోపల నుంచి బయటికొస్తున్న జనం. ఆ ఫోటో వచ్చిందంటే ఆ వారం అందరూ ఇంటికి చేరారని. 2023 ఆగస్టు 20 ఆదివారం, జరాన్‌వాలా తర్వాత మొదటి ఆదివారం, సాయంత్రం దాకా రాలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చింది. గేటు మూసి ఉంది, కానిస్టేబుళ్ళు నలుగురున్నారు. కింద రోమన్ అక్షరాల్లో ఉర్దూలో ఒక్క ముక్క, ఈసారి ఇంట్లోనే పాడుకున్నాం బాజీ అని.